బిడ్డ వయసు వారాల్లో: పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టాలా, డ్యూ డేట్ నుంచా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బాబు 2025 మార్చి 4న, 34 వారాల 2 రోజులకు పుట్టాడు. డ్యూ డేట్ ఏప్రిల్ 13. ఇవాళ జూలై 15. ఫోన్‌లోని యాప్ "20వ వారం" అంటోంది, ఆస్పత్రి చీటీలో "3 నెలలు" అని రాశారు, ఇంట్లో పెద్దవాళ్లు "ఐదో నెల నడుస్తోంది" అంటున్నారు. బరువు 5.6 కిలోలు. మెడ ఇంకా గట్టిగా నిలపడం లేదు, బోర్లా పడటం లేదు. ఏ లెక్క పట్టుకోవాలి, బాబు వెనకబడ్డాడా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ మూడు లెక్కల్లో తప్పు ఏదీ లేదు. ఎదుగుదల, బరువు, చేష్టలు చూసేటప్పుడు డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టండి. టీకాలకు పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టండి. డ్యూ డేట్ నుంచి చూస్తే మీ బాబు వయసు ఇవాళ్టికి 13 వారాల 2 రోజులు, అంటే మూడు నెలలు ఇప్పుడే దాటాడు. ఆ వయసులో మెడ పూర్తిగా నిలవకపోవడం, బోర్లా పడకపోవడం మామూలే. మీరు రాసిన వాటిలో వెనకబాటు నాకేమీ కనిపించలేదు. కానీ మీరు రాయనివి కొన్ని ఉన్నాయి, వాటిని ఎలా చూసుకోవాలో కింద చెప్తాను.

మూడు అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

మార్చి 4 నుంచి జూలై 15 వరకు 133 రోజులు. ఏడుతో భాగిస్తే సరిగ్గా 19 వారాలు. 19 వారాలు నిండాయి కాబట్టి ఇవాళ మొదలయ్యేది 20వ వారం. యాప్ నడుస్తున్న వారాన్ని చూపిస్తోంది. నెలల్లో అయితే 4 నెలల 11 రోజులు, అంటే నాలుగు నిండి ఐదోది నడుస్తోంది. పెద్దవాళ్ల మాటా సరిపోయింది. డాక్టరు మాత్రం డ్యూ డేట్ దగ్గర మొదలుపెట్టి, ఏప్రిల్ 13 నుంచి 93 రోజులు లెక్కేశారు. అది 3 నెలల 2 రోజులు. దీన్నే వాళ్లు కరెక్టెడ్ వయసు అంటారు, తెలుగులో సవరించిన వయసు అనుకోండి.

ఇక్కడ "నిండినవి", "నడుస్తున్నది" కలిపేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. వైద్యపరమైన పట్టికలన్నీ నిండిన వారాల మీద, నిండిన నెలల మీద నడుస్తాయి. పుట్టిన రోజు సున్నా. మీ బాబు మంగళవారం పుట్టాడు కాబట్టి ప్రతి మంగళవారం ఒక వారం నిండుతుంది. సవరించిన వయసుకు డ్యూ డేట్ పడిన ఆదివారం లెక్క. మంగళవారం, ఆదివారం అన్న ఈ రెండూ గుర్తుంటే క్యాలెండర్ చూసి ఎప్పుడైనా చెప్పేయొచ్చు, యాప్ అక్కర్లేదు.

రెండో పొరపాటు వారాల్ని నాలుగుతో భాగించి నెలలు చేయడం. 19ని నాలుగుతో భాగిస్తే 4.75 వస్తుంది, "ఇంచుమించు ఐదు నెలలు" అనిపిస్తుంది. నెలకు 28 రోజులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో నెల అంటే 30.4375 రోజులు, అంటే దాదాపు 4.35 వారాలు. గుర్తుపెట్టుకోవడానికి 13 వారాలకు 3 నెలలు, 26కు 6, 39కి 9, 52కి ఏడాది అనుకుంటే చాలు. నాలుగుతో భాగించేవాళ్లకు ఏడాది నిండేసరికి బిడ్డ వయసు ఒక నెల ఎక్కువ కనిపిస్తుంది, చెక్‌లిస్టులో ఒక మెట్టు ముందున్నవాటి కోసం ఎదురుచూస్తూ కంగారు పడతారు.

సవరణ ఎలా చేయాలి

నెలలు నిండకుండా, అంటే 37 వారాల లోపు పుట్టిన పిల్లలకే ఈ సవరణ. 40 వారాల్లోంచి పుట్టినప్పటి గర్భ వారాలు తీసేయండి. మీకు 40 వారాల్లోంచి 34 వారాల 2 రోజులు పోతే 5 వారాల 5 రోజులు, అంటే 40 రోజులు. ఈ 40 రోజుల్ని అసలు వయసులోంచి ఎప్పుడు తీసేసినా సవరించిన వయసు వస్తుంది. ఇంతకన్నా తేలిక దారి, డ్యూ డేట్‌నే పుట్టినరోజు అనుకుని లెక్కపెట్టడం. రెండు దారుల్లో ఒకే జవాబు రావాలి. రాకపోతే డ్యూ డేట్ తప్పుగా రాసుకున్నారన్నమాట.

ఏ డ్యూ డేట్ అన్నది కూడా చూసుకోండి. చివరి నెలసరిని బట్టి ఒక తేదీ, మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌ను బట్టి ఇంకో తేదీ ఫైల్లో ఉంటాయి. తొలి స్కాన్ చూసి డాక్టరు తేదీ మార్చి ఉంటే మార్చిన తేదీనే వాడాలి. ఏడో నెల, ఎనిమిదో నెల స్కాన్ రిపోర్టుల మీద అచ్చయ్యే తేదీల్ని పట్టించుకోకండి. అవి బిడ్డ అప్పటి సైజును బట్టి మెషీన్ వేసిన అంచనాలు. చిన్నగా పెరుగుతున్న బిడ్డకు అసలుకన్నా ఆలస్యమైన తేదీ పడుతుంది, దాన్ని నమ్మితే సవరణ ఎక్కువైపోతుంది.

యాప్‌లతో ఒక చిక్కు ఉంది. కొన్ని పుట్టిన తేదీ, డ్యూ డేట్ రెండూ అడిగి తామే సవరిస్తాయి. కొన్ని ఒక్క తేదీతోనే నడుస్తాయి. రెండూ అడిగే యాప్‌లో పుట్టిన తేదీ గడిలో కూడా డ్యూ డేట్ వేసేవాళ్లున్నారు. ఇంకొందరు యాప్ సవరించి చూపించిన వయసులోంచి మళ్లీ 40 రోజులు తీసేస్తారు. ఇవాళ మీ యాప్‌లో 19 వారాలు నిండాయనో, 20వ వారమనో ఉంటే అది అసలు వయసు. 13 వారాల 2 రోజులంటే సవరించినది. ఎక్కడైనా 7 వారాల 4 రోజులు అని కనబడితే రెండుసార్లు సవరించినట్టు. అలాంటి లెక్కతో చూస్తే నిజంగా వెనకబడ్డ బిడ్డ కూడా చక్కగా ఉన్నట్టే కనిపిస్తాడు. అందుకే అసలు సవరించకపోవడం కన్నా ఇది ప్రమాదం.

ఈ సవరణ రెండేళ్ల వరకు చేస్తారు. ఆ తర్వాత ఎందుకు మానేస్తారంటే తేడా కరిగిపోతుంది. మీ 40 రోజులు ఇవాళ బాబు వయసులో 30 శాతం. రెండేళ్లకు అవే 40 రోజులు ఐదారు శాతమే. 28 వారాలకో 26 వారాలకో పుట్టిన పిల్లల్లో తేడా మూడు నెలలకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి, వాళ్ల విషయంలో రెండేళ్ల దాకా దీన్ని వదలకూడదు.

37 వారాలు నిండి పుట్టిన పిల్లలకు సవరణ అక్కర్లేదు. అయినా 37 వారాలకు పుట్టిన బిడ్డకూ 41 వారాలకు పుట్టిన బిడ్డకూ నాలుగు వారాల తేడా ఉంది. మొదటి రెండు మూడు నెలల్లో ఒకే రోజు పుట్టిన ఇద్దరిలో ఒకరు ముందు నవ్వడానికి ఇదీ ఒక కారణం.

సవరించకూడనివి

టీకాలు. ఇవి పుట్టిన తేదీ నుంచే. 6, 10, 14 వారాల షెడ్యూలు ఉన్నచోట మీ బాబుకు ఆ తేదీలు ఏప్రిల్ 15, మే 13, జూన్ 10. అన్నీ మంగళవారాలే, చూసుకోండి. ఏప్రిల్ 15 అంటే డ్యూ డేట్ దాటి రెండు రోజులే. "ఇంకా పుట్టాల్సిన బిడ్డకు అప్పుడే టీకాలా" అని చాలామంది వాయిదా వేస్తారు. వేయకూడదు. నెలలు నిండని పిల్లలకు కోరింతదగ్గు లాంటివి సోకితే మిగతా పిల్లలకన్నా ఎక్కువ ప్రమాదం. ఒకవేళ ఆలస్యమై ఉంటే కోర్సు మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటినుంచి కొనసాగిస్తారు. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 వారాలు, అంటే నిండా 28 రోజులు ఉండాలి. ఒక్క రోటావైరస్ చుక్కల దగ్గర జాగ్రత్త. కొన్ని దేశాల్లో మొదటి మోతాదు 15 వారాలు నిండకముందే వేయాలని నియమం. అది కూడా పుట్టిన తేదీ లెక్కే. పుట్టినప్పుడు 2 కిలోల కన్నా తక్కువ బరువుంటే హెపటైటిస్ బి మొదటి మోతాదు లెక్క వేరుగా ఉండొచ్చు, కార్డు మీద ఏం రాశారో అడగండి.

కామెర్లు. నెలలు నిండిన బిడ్డకు 14 రోజులు, నిండని బిడ్డకు 21 రోజులు దాటినా పసుపు తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి. మలం సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంటే ఆ రోజులు కూడా ఆగకూడదు. పైత్యరస నాళాలు మూసుకుపోయే జబ్బు అయితే ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంటుంది. మీ బాబు ఈ దశ దాటేశాడు, ఇది చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

వినికిడి పరీక్ష. నెల లోపు స్క్రీనింగ్, తేడా ఉంటే 3 నెలల లోపు పూర్తి పరీక్ష, అవసరమైతే 6 నెలల లోపు చికిత్స మొదలవ్వాలన్నది లక్ష్యం. ఇంటెన్సివ్ కేర్‌లో ఉండి వచ్చిన పిల్లలకు ఇది తప్పనిసరి అనుకోండి. మీరు ప్రశ్నలో దీని ఊసే ఎత్తలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి. చప్పట్లు కొట్టి చూశాం, తిరిగాడు అన్నది పరీక్ష కాదు. గాలి కదలికకీ మీ చెయ్యి కదలికకీ కూడా బిడ్డ తిరుగుతాడు.

జ్వరం. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించి ఉంటే ఆ రోజే డాక్టరు చూడాలి, 28 రోజుల లోపైతే గంటల లెక్కే. నెలలు నిండని బిడ్డను తీసుకెళ్లినప్పుడు రెండు వయసులూ చెప్పండి. ఏ లెక్కలో చూసినా మీవాడు ఈ మూడు నెలలు దాటాడు.

ఘనాహారం సంగతి మధ్యస్తం. వారాల లెక్క ఒక్కటే చాలదు. మెడ నిలవాలి, ఆసరాతో కూర్చోగలగాలి, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి నెట్టేయకుండా ఉండాలి. మెడ నిలవకుండా మాత్రం మొదలుపెట్టకండి, అసలు వయసు ఆరు నెలలైనా సరే. ఐరన్ చుక్కలు అలా కాదు. నెలలు నిండని పిల్లల్లో తల్లి కడుపులో ఉండగా పోగవ్వాల్సిన ఐరన్ పోగవ్వదు కాబట్టి ఘనాహారానికి చాలా ముందే మొదలుపెడతారు. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

బరువు: 5.6 కిలోలు తక్కువా?

ఏ గడిలో పెట్టి చూస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాల్లో మగపిల్లలకు 4 నెలల మధ్యస్థ బరువు 7.0 కిలోలు, కింది హద్దు గీత 5.6. 4 నెలల మీద 11 రోజులయ్యేసరికి ఆ గీత ఇంకాస్త పైకి పోతుంది కాబట్టి, అసలు వయసుతో చూస్తే మీవాడు ఆ హద్దు గీత కిందికి జారినట్టు కనిపిస్తాడు. 3 నెలల గడిలో మధ్యస్థం 6.4, కింది హద్దు 5.0. అదే 5.6 అక్కడ హద్దుకు 600 గ్రాములు పైన ఉంది. బిడ్డ అదే, బరువు అదే, తేదీ ఒక్కటి మారితే "బరువు తక్కువ" అన్న మాట చీటీ మీద ఉంటుందో పోతుందో తేలిపోతుంది. ఎవరైనా ఆ మాట రాసి ఉంటే ఏ వయసు దగ్గర చుక్క పెట్టారో చూడండి.

నెలలు నిండని పిల్లలకు మొదట్లో వేరే చార్టు వాడతారు. ఫెంటన్ చార్టు గర్భంలోని 22వ వారం నుంచి మొత్తం 50 వారాల దాకా ఉంటుంది. మీ బాబు మొత్తం వారాలు 34 వారాల 2 రోజులు, దానికి 19 వారాలు కలిపితే 53 వారాల 2 రోజులు. 50 దాటాడు కాబట్టి ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు మీదికి రావాలి, సవరించిన వయసుతో. ఆ సంస్థ వారాల పట్టిక మొదటి 13 వారాలకే ఉంది. ఆ తర్వాత నెలల పట్టికే. నిపుణులే 13 వారాల తర్వాత వారాల లెక్క వదిలేశారంటే, చార్టు చూసేటప్పుడు మీరూ వదిలేయొచ్చు.

ఒక్క చుక్క కన్నా చుక్కల వరుస ముఖ్యం. పుట్టిన మొదటి రోజుల్లో బరువు 7 నుంచి 10 శాతం దాకా తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకు వస్తుంది. నెలలు నిండని పిల్లలకు ఇంకాస్త పట్టొచ్చు. ఆ తర్వాత మూడు నెలల దాకా రోజుకు 20 నుంచి 30 గ్రాములు, అంటే వారానికి 150 నుంచి 200. మూడు నుంచి ఆరు నెలల్లో రోజుకు 15 నుంచి 20కి తగ్గుతుంది. ఈ తగ్గుదల చూసి పాలు చాలట్లేదని కంగారు పడేవాళ్లు చాలామంది. అందరు పిల్లల్లోనూ వేగం తగ్గుతుంది, చార్టు గీత కూడా అక్కడ వంగి ఉంటుంది.

రోజూ తూచకండి. ఒక్కసారి పాలు తాగితే 100 గ్రాములు పెరుగుతుంది, ఒక్క తడిసిన డైపరుతో అంతే తేడా వస్తుంది, రెండు కాటాల మధ్య 50 గ్రాముల తేడా మామూలే. వీటన్నిటి మధ్య రోజుకు 20 గ్రాముల పెరుగుదల ఎక్కడ కనబడుతుంది? డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ వయసులో నెలకోసారి చాలు. అదే కాటా, బట్టలూ డైపరూ లేకుండా, పాలు పట్టకముందు. తల చుట్టుకొలత కూడా తీయించండి. మొదటి మూడు నెలల్లో నెలకు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలల్లో నెలకు 1, ఆపైన అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. సాగని టేపుతో కనుబొమ్మల పైనుంచి వెనక బాగా ఎత్తుగా ఉన్నచోటు మీదుగా మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకోవాలి. తల గీతలు దాటుకుంటూ పైకి పోయినా, ఎదగకుండా ఆగినా బరువుకన్నా ముందు దాని గురించి అడగండి.

చేష్టలు: వారాలు ఎంతవరకు పనికొస్తాయి

మొదటి పన్నెండు పదమూడు వారాల్లో వారం వారం తేడా నిజంగానే కనిపిస్తుంది. ఏడుపు దాదాపు 6 వారాల దగ్గర బాగా పెరిగి మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ముఖం చూసి తిరిగి నవ్వడం 6 నుంచి 8 వారాల్లో వస్తుంది. ఈ రెండూ సవరించిన వారాలే. మీ బాబుకు సవరించిన 6 వారాలంటే అసలు వయసు 11 వారాల 5 రోజులు. చాలామంది తల్లులు "రెండున్నర నెలల దాకా బాగానే ఉన్నాడు, ఇప్పుడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఏమైంది" అని ఆ వయసులోనే అడుగుతారు. ఏమీ కాలేదు, ఏడవాల్సిన వారం ఇప్పుడొచ్చింది.

ఆ తర్వాత వారాలు పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి ఇచ్చిన లెక్కలో ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావొచ్చు. చేతులూ మోకాళ్ల మీద పాకడం 5.2 నుంచి 13.5. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6. నడకకు నలభై వారాల వ్యవధి ఉందంటే "46వ వారంలో మీ బిడ్డ" అని యాప్ చెప్పే మాటకు విలువెంతో మీరే చూడండి. ఆ పరిశీలనలో 4.3 శాతం మంది పిల్లలు అసలు అలా పాకనే లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో తన చెక్‌లిస్టును సవరించినప్పుడు పాకడాన్ని తీసేసింది. ఆ చెక్‌లిస్టులో ఒక వయసు కింద రాసినవి ఆ వయసుకు 75 శాతం లేదా అంతకన్నా ఎక్కువమంది పిల్లలు చేసేవి. పాత చెక్‌లిస్టు సగం మంది లెక్కతో ఉండేది. ఇంటర్నెట్‌లో ఇంకా పాతవి తిరుగుతున్నాయి, అందుకే రెండు చోట్ల రెండు వయసులు కనిపిస్తాయి.

ఇక మీవాడి సంగతి. సవరించిన 13 వారాలకు వీటిని చూడండి:

- ముఖం చూసి తిరిగి నవ్వుతాడు, మీరు పలకరిస్తే ఊ కొడతాడు.
- ముఖానికి 20–30 సెంటీమీటర్ల దూరంలో కదిలే వస్తువును కళ్లతో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు వెంబడిస్తాడు.
- బోర్లా పడుకోబెడితే తల ఎత్తి కొన్ని క్షణాలు నిలుపుతాడు.
- గుప్పిళ్లు ఎక్కువసేపు విప్పే ఉంచుతాడు, రెండు చేతులూ నోటి దాకా తెచ్చుకుంటాడు.
- కాళ్లూ చేతులూ రెండు పక్కలా సమానంగా ఆడిస్తాడు.

మెడ గట్టిగా నిలపడం సవరించిన 4 నెలలకు చూడాల్సింది. మీకు అది ఆగస్టు 13. అప్పటికీ ఎత్తుకున్నప్పుడు తల వాలిపోతుంటే చూపించండి, అంతకుముందు దాని గురించి బెంగ వద్దు. బోర్లా పడటం ఇంకా తర్వాత. చెక్‌లిస్టుల్లో 6 నెలలకు ఉన్నది బోర్లా నుంచి వెల్లకిలా తిరగడం. మన ఇళ్లలో చూసేది వెల్లకిలా నుంచి బోర్లా పడటం. చాలామంది పిల్లల్లో ఇది ఇంకొంచెం ఆలస్యంగా వస్తుంది. సవరించిన 6 నెలలంటే మీకు అక్టోబరు 13.

మెడ బలపడాలంటే మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టాలి. మొదట రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు, మెల్లగా పెంచుతూ రోజు మొత్తానికి కనీసం అరగంట. పాలు పట్టగానే వద్దు, కక్కుతాడు. ఏడుస్తుంటే మీ ఛాతీ మీద బోర్లా వేసుకోండి, అదీ లెక్కలోకి వస్తుంది. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. వాకర్లు, ఆనుకుని కూర్చోబెట్టే కుర్చీలు మెడను ముందు నిలబెట్టవు, నేల మీద గడిపే సమయాన్ని తినేస్తాయి.

ఏం రాసుకోవాలి

ఒక నోటుబుక్కు చాలు. తేదీ, అసలు వయసు, సవరించిన వయసు, చూసింది. వయసు "13 వా 2 రో" అని రాయండి, "3 నెలలు పైన" అని కాదు. ప్రతి చేష్టకూ రెండు తేదీలు పెట్టుకోండి. మొదటిసారి కనిపించింది ఎప్పుడు, రోజూ చేయడం ఎప్పటినుంచి. ఒక్కసారి పొరపాటున బోర్లా దొర్లినదానికీ, కావాలని దొర్లడానికీ మధ్య మూడు నాలుగు వారాలు ఉండొచ్చు. డాక్టరు అడిగేది రెండో తేదీ. యాప్‌లో టిక్ పెట్టేది మొదటిది.

రాతకన్నా వీడియో మేలు. రెండు మూడు వారాలకోసారి అర నిమిషం వెల్లకిలా, అర నిమిషం బోర్లా, అర నిమిషం భుజాన ఎత్తుకుని తీయండి. పాలు తాగి గంట అయ్యాక, నిద్ర రాకముందు, ఒంటి మీద తక్కువ బట్టలతో. ఆస్పత్రిలో బిడ్డ నిద్రపోతాడు, లేదా ఏడుస్తాడు, చేసేది ఏదీ చేయడు. ఆ వీడియో అప్పుడు పనికొస్తుంది. ఒక పక్క చెయ్యి తక్కువ వాడటం, తల ఎప్పుడూ ఒకవైపే తిప్పడం లాంటివి రోజూ చూసే కళ్లకు అందవు. నెల తేడాతో రెండు వీడియోలు పక్కపక్కన పెడితే బయటపడతాయి.

ఆగకుండా చూపించాల్సినవి

వీటికి చెకప్ తేదీ దాకా ఎదురుచూడకండి. వయసులన్నీ సవరించినవే:

- 12 వారాలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం, కళ్లతో వెంబడించకపోవడం.
- 4 నెలలకు కూడా మెల్ల తగ్గకపోవడం, గుప్పిళ్లు ఎప్పుడూ బిగించే ఉంచడం.
- ఏడాది లోపే ఒక్క చేతినే వాడటం. దాన్ని కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో అనుకుని మురిసిపోతారు. ఆ వయసులో వాటం ఉండదు, రెండో చెయ్యి ఎందుకు వాడట్లేదో చూడాలి.
- 9 నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోవడం, బబబ మమమ లాంటి శబ్దాలు చేయకపోవడం.
- 18 నెలలకు నడవకపోవడం.

ఏ వయసులోనైనా, సవరణతో పనిలేకుండా చూపించాల్సినవి రెండున్నాయి. చేస్తున్న పని మానేయడం ఒకటి. నిన్నటిదాకా నవ్వినవాడు నవ్వడం మానేసినా, ఊ కొట్టినవాడు నిశ్శబ్దమైపోయినా ఆలస్యం చేయొద్దు. కంటిపాపలో తెల్లగా మెరుపు కనిపించడం రెండోది. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా వచ్చినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంటి మాట వచ్చింది కాబట్టి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు మొదటి వారాల్లో చేసే రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష మీవాడికి అవసరమని చెప్పారో లేదో, చెబితే అయిందో లేదో డిశ్చార్జి చీటీలో చూడండి.

మీరు రాయాల్సినవి రెండు మిగిలాయి: పుట్టినప్పటి బరువు, తల చుట్టుకొలత. వాటితో పాటు ఇప్పటివరకు తూచిన బరువులన్నీ తేదీలతో కింద పెడితే ఏ గీత వెంబడి వస్తున్నాడో చెప్పగలను. 5.6 ఒక్కటే చూసి అంతకుమించి చెప్పలేను.